బడిపిల్లల పొట్టలో హెచ్. పైలోరి: లెక్క తేల్చండి, మందులు పంచకండి

పాఠశాల ఆరోగ్య కార్యక్రమాలు నడిపే అధికారులకు, ప్రధానోపాధ్యాయులకు, తల్లిదండ్రుల కమిటీల సభ్యులకు నమస్కారం.

బడిలో శిబిరం పెట్టి, పిల్లలందరి వేలికొసల నుంచి రక్తపు చుక్క తీసి, పావుగంటలో "హెచ్. పైలోరి పాజిటివ్" అని చీటీ రాసి ఇంటికి పంపే ఆలోచన మీ ముందుకు వస్తే, దాన్ని ఒప్పుకోవద్దని అడగడానికే ఈ లేఖ. మేము పిల్లల జీర్ణకోశ వైద్యంలో, మైక్రోబయాలజీ ల్యాబుల్లో, ఆరోగ్య సర్వేల్లో పనిచేసేవాళ్లం. ఆరోగ్యంగా తిరుగుతున్న పిల్లల్లో ఈ బాక్టీరియా ఎంతమందికి ఉందో తెలుసుకోవడం మంచిదే, అవసరం కూడా. కాకపోతే ఎంతమందికి ఉందో లెక్క తేల్చడం ఒక పని, ఉన్నవాళ్లకు మందులు వేయడం ఇంకో పని. రెండింటికీ పరీక్ష వేరు, పద్ధతి వేరు, తీసుకోవలసిన జాగ్రత్త వేరు. ఒకే శిబిరంలో రెండూ కలిపేస్తే లెక్కా సరిగా రాదు, పిల్లలకూ మేలు జరగదు.

ముందుగా పేరు దగ్గరే ఒక గందరగోళం ఉంది. "పొట్టలో క్రిమి" అనగానే చాలామంది తల్లిదండ్రులు నులిపురుగులనుకుంటారు. హెలికోబాక్టర్ పైలోరి పురుగు కాదు, మెలి తిరిగి ఉండే బాక్టీరియా. పొడవు మిల్లీమీటరులో సుమారు మూడు వందల్లో ఒక వంతు. జీర్ణాశయం లోపలి గోడను కప్పి ఉంచే జిగురుపొరలో కాపురముంటుంది. అక్కడి ఆమ్లంలో బతకడానికి యూరియేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేసుకుని, యూరియాను విడగొట్టి, అందులోంచి పుట్టే అమ్మోనియాతో తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేసుకుంటుంది. ఈ గుణాన్ని గుర్తుంచుకోండి, ముందు చెప్పబోయే శ్వాస పరీక్షకు ఇదే ఆధారం. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని మొదటిసారి ల్యాబులో పెంచగలిగారు. మామూలుగా రెండు రోజులకే పారేసే ప్లేట్లు ఈస్టర్ సెలవుల వల్ల ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయాయి కాబట్టి అది కంటబడింది. అంత నెమ్మదిగా పెరిగే సూక్ష్మజీవి. 2005లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక ఎంతమందికి అన్న ప్రశ్న. చాలా దేశాల సర్వేలను కలిపి లెక్కగట్టి 2022లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం ప్రపంచంలోని పిల్లల్లో దాదాపు 32 శాతం మందిలో ఈ ఇన్ఫెక్షన్ ఉంది. ఆదాయం తక్కువగానో మధ్యస్థంగానో ఉన్న దేశాల్లో అది 43 శాతం, సంపన్న దేశాల్లో 22 శాతం. ఆరేళ్లలోపు వాళ్లలో 26, ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య 34, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య 42 శాతం. నలభై మంది కూర్చున్న ఆరో తరగతి గదిని ఊహించుకోండి. ఆ సగటు లెక్కన పదమూడు పద్నాలుగు మంది పొట్టల్లో ఈ బాక్టీరియా ఉంటుంది. వాళ్లలో పరుగుపందెంలో ముందుండేవాళ్లు ఉంటారు, చక్కగా తినేవాళ్లు ఉంటారు. చూసి ఎవరో చెప్పడం ఏ డాక్టరుకూ చేతకాదు.

వయసుతో పాటు అంకె పెరుగుతోంది కదా, అయితే బడిలోనే అంటుకుంటోందా అని అడుగుతారు. కాదు, చాలావరకు ఇంట్లోనే, అదీ బడికి రాకముందే వస్తుంది. తల్లి పొట్టలో ఉన్న రకం, బిడ్డ పొట్టలో ఉన్న రకం జన్యుపరంగా ఒకటే కావడం ఎన్నో అధ్యయనాల్లో కనిపించింది. తోబుట్టువుల నుంచి రావడమూ మామూలే. వాంతి, ఎంగిలి, మలం, ఈ మూడు దారుల్లో ఒకరి నోటి నుంచో కడుపు నుంచో ఇంకొకరి నోటికి చేరుతుంది. ఒకే గదిలో ఎక్కువమంది పడుకునే ఇళ్లలో, శుభ్రమైన నీళ్లు దొరకని చోట ఎక్కువ. పసిపిల్లల్లో కొందరికి వచ్చినది దానంతట అదే పోతుంది కూడా. అందుకని "మా బడిలో ముప్పై శాతం పాజిటివ్" అని తేలితే అది మీ బడి తప్పు అని ఎవరూ అనుకోకూడదు. ఆ పిల్లల తొలి ఐదేళ్ల ఇంటి పరిస్థితులకు అది గుర్తు.

అయితే ఇది నిరపాయకరమైనదని మేము చెప్పడం లేదు. ఇది ఉన్న దాదాపు ప్రతి ఒక్కరి జీర్ణాశయంలోనూ సూక్ష్మదర్శినిలో చూస్తే వాపు ఉంటుంది. జీవితకాలంలో పదిమందిలో ఒకరికి అల్సర్ రావచ్చు, నూటికి ఒకరిద్దరికి దశాబ్దాల తర్వాత జీర్ణాశయ క్యాన్సర్ రావచ్చు. అందుకే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకాల మొదటి తరగతిలో చేర్చింది. కానీ చిన్నతనంలో అల్సర్ అరుదు, క్యాన్సర్ దాదాపు లేనట్టే. తొమ్మిదేళ్ల పిల్లకు ఈ ఏడాదే మందు వేయకపోతే ముంచుకొచ్చే ప్రమాదమేదీ లేదు. ఈ వ్యవధి ఉందన్న సంగతి శిబిరాల నిర్వాహకులు తల్లిదండ్రులకు చెప్పరు, అదే మాకు బాధ.

"నులిపురుగుల మందు ఏటా బడిలోనే వేస్తున్నాం కదా, ఇదీ అలాగే వేసేద్దాం" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ పోలిక ఎందుకు కుదరదో కాస్త వివరంగా చెప్పాలి. నులిపురుగులకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు. టీచరు ఎదురుగా పిల్లవాడు నమిలి మింగేస్తాడు, పని అయిపోతుంది. హెచ్. పైలోరికి రెండు యాంటీబయాటిక్‌లు, ఆమ్లాన్ని తగ్గించే మందు ఒకటి, మొత్తం కనీసం మూడు మందులు, రోజుకు రెండు పూటలు, పద్నాలుగు రోజులు. అంటే 84 మోతాదులు. ఆమ్లాన్ని తగ్గించే మందును తినడానికి పావుగంట నుంచి అరగంట ముందు వేయాలి. మోతాదు బరువును బట్టి మారుతుంది, ఒకే ప్యాకెట్ అందరికీ పనికిరాదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ ఇస్తే పళ్లకు శాశ్వతంగా రంగు పడుతుంది కాబట్టి పెద్దలకు వాడే కొన్ని మందుల కలయికలు వాళ్లకు కుదరవు. ఈ చికిత్సలో వాడే యాంటీబయాటిక్‌లలో క్లారిత్రోమైసిన్ చేదు, మెట్రోనిడజోల్ నాలుక మీద లోహపు రుచి వదులుతుంది, విరేచనాలు, వికారం మామూలు. నాలుగో రోజుకు పిల్లవాడు నోరు తెరవడు. పదింట తొమ్మిది మోతాదులైనా కడుపులో పడకపోతే బాక్టీరియా పూర్తిగా చావదు. మిగిలింది మందుకు తట్టుకునే రకమై కూర్చుంటుంది.

అలా తట్టుకునే రకాలు ఇప్పటికే పెద్ద సమస్య. క్లారిత్రోమైసిన్‌కు లొంగని హెచ్. పైలోరిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో కొత్త మందులు అత్యవసరమైన బాక్టీరియాల జాబితాలో చేర్చింది. పైగా ఆ యాంటీబయాటిక్ జీర్ణాశయంలోనే ఆగదు. గొంతులో, పేగుల్లో, చర్మం మీద ఉండే సూక్ష్మజీవులన్నీ దాని రుచి చూస్తాయి. ఏ లక్షణమూ లేని వెయ్యిమంది పిల్లలకు ఒకేసారి ఇస్తే, రేపు వాళ్లకు న్యుమోనియానో చెవిపోటో వచ్చినప్పుడు పనిచేయాల్సిన మందునే మొద్దుబార్చినట్టు అవుతుంది. ఇంత చేసినా, తల్లికీ చెల్లికీ ఇన్ఫెక్షన్ అలాగే ఉంటే చిన్నపిల్లలకు మళ్లీ అంటుకునే అవకాశం ఉంది.

ఇప్పుడు ఆ రక్తపరీక్ష సంగతి. వేలి చుక్కతో చేసే కిట్టు బాక్టీరియాను వెతకదు, దాని మీద శరీరం తయారుచేసిన యాంటీబాడీని వెతుకుతుంది. బాక్టీరియా పోయాక కూడా ఆ యాంటీబాడీ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి రక్తంలో ఉంటుంది. చిన్నపిల్లల్లో యాంటీబాడీ తక్కువగా తయారవుతుంది కాబట్టి ఉన్నా లేనట్టు చూపవచ్చు. కొన్ని నెలల పసికందుల్లో కనిపించేది తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీయే కావచ్చు. ఎక్కువ కిట్లలో ఎంత ఉంటే పాజిటివ్ అనాలన్న హద్దును పెద్దల రక్తంతో తేల్చారు, పిల్లల రక్తంతో కాదు.

ఒక లెక్క వేసి చూడండి. వెయ్యిమంది పిల్లల్లో నిజంగా 300 మందికి ఇన్ఫెక్షన్ ఉందనుకుందాం. కిట్టు ఉన్నవాళ్లలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 85 శాతాన్ని సరిగ్గా లేదంటుంది అనుకుందాం. అప్పుడు 300 మందిలో 240 మందికి పాజిటివ్ వస్తుంది, 60 మంది తప్పించుకుంటారు. లేని 700 మందిలో 105 మందికి ఉత్తపుణ్యాన పాజిటివ్ వస్తుంది. చేతికి వచ్చే పాజిటివ్ చీటీలు 345, అందులో 105 అబద్ధం. దాదాపు మూడు చీటీలకు ఒకటి. ఆ 105 మంది పిల్లలు లేని ఇన్ఫెక్షన్‌కు పద్నాలుగు రోజులు యాంటీబయాటిక్ మింగుతారు. యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘాలు తమ ఉమ్మడి మార్గదర్శకాల్లో రక్తం, ఉమ్మి, మూత్రంలో యాంటీబాడీ వెతికే పరీక్షలను పిల్లల్లో నిర్ధారణకు వాడవద్దని తేల్చి చెప్పింది ఇందుకే. లక్షణాలు లేని పిల్లలను పరీక్షించి మందులు వేసే పద్ధతీ వద్దన్నాయి.

లెక్క తేల్చాలంటే నమ్మదగిన దారులు రెండున్నాయి. ఒకటి మలంలో ఆ బాక్టీరియా యాంటిజెన్‌ను, అంటే దాని ఒంటి నుంచి వచ్చిన ప్రొటీన్‌ను, వెతికే పరీక్ష. అందులోనూ మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే లక్ష్యానికి అతుక్కునేలా తయారుచేసిన యాంటీబాడీ) వాడే ఎలైజా అనే ల్యాబు పరీక్షనే తీసుకోండి. అక్కడికక్కడే గీత చూపించే పట్టీలకు అంత ఖచ్చితత్వం లేదు. శనగగింజంత నమూనా చాలు. పొడి డబ్బాలో వేయాలి, మూత్రంగాని నీళ్లుగాని కలవకూడదు. నీళ్ల విరేచనాల రోజున తీసుకోవద్దు, యాంటిజెన్ పలుచబడి దొరకదు. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచితే 72 గంటల్లోపు పరీక్షించవచ్చు. అంతకు మించితే మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించాలి. ఎండలో ఉన్న జీపు వెనక సీట్లో డబ్బాలు మధ్యాహ్నం దాకా పెడితే ఆ రోజు కష్టమంతా వృథా.

ఇక్కడ టీచర్లకు ఒక మనవి. పదేళ్ల పిల్ల తన మలం డబ్బా పట్టుకుని తరగతి గదిలోకి రావాలంటే సిగ్గుతో చచ్చిపోతుంది, దారిలో పారేసి "మర్చిపోయాను" అంటుంది. నమూనాలు సగం రాకపోవడానికి మేమెరిగిన మొదటి కారణం ఇదే. డబ్బాను బయటికి కనిపించని సంచిలో ఇవ్వండి, పేరు బదులు సంకేత సంఖ్య అంటించండి, గేటు దగ్గర మూత ఉన్న చల్లపెట్టె పెట్టి బడి గంటకు ముందే తల్లిదండ్రులు వేసేసి వెళ్లేలా చూడండి.

రెండోది యూరియా శ్వాస పరీక్ష. పిల్లవాడు నాలుగైదు గంటలు ఏమీ తినకుండా రావాలి. మొదట ఒక సంచిలోకి ఊదిస్తారు. తర్వాత కార్బన్-13 (మామూలు కార్బన్ కన్నా కాస్త బరువైన రకం) గుర్తుగా ఉన్న యూరియాను పుల్లటి ద్రవంలో కలిపి తాగిస్తారు, పులుపు ఉంటే అది జీర్ణాశయంలో కాసేపు నిలుస్తుంది. బాక్టీరియా ఉంటే దాని యూరియేజ్ ఆ యూరియాను విడగొడుతుంది, గుర్తు ఉన్న కార్బన్ డయాక్సైడ్ రక్తంలో కలిసి ఊపిరిలో బయటికొస్తుంది. అరగంటకు రెండో సంచి. రెండింటి తేడాయే ఫలితం. కార్బన్-13కు రేడియోధార్మికత లేదు. కార్బన్-14 వాడే రకానికి ఉంది, పిల్లలకు దాన్ని ఒప్పుకోకండి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ద్రవాన్ని నోట్లో పుక్కిలిస్తే నోటిలోని ఇతర బాక్టీరియాలు కూడా యూరియాను విడగొట్టి లేనిది ఉన్నట్టు చూపిస్తాయి. కాబట్టి స్ట్రాతో తాగించి, వెంటనే మంచినీళ్లతో నోరు కడిగించాలి. ఆ అరగంట పిల్లలు మైదానంలో పరుగెడితే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ మోతాదు మారి లెక్క తప్పుతుంది. బెంచీల మీద కూర్చోబెట్టి కథల పుస్తకాలు ఇవ్వండి. సంచిలోకి పెదవులు బిగించి చివరిదాకా ఊదించాలి, మధ్యలో గాలి లోపలికి పీల్చేస్తే ఆ సంచి పనికిరాదు. ఆరేళ్లలోపు వాళ్లు ఈ పని సరిగా చేయలేరు, వాళ్ల శరీర పరిమాణం వల్ల అబద్ధపు పాజిటివ్‌లూ ఎక్కువ. వాళ్లకు మల పరీక్షే మేలు.

ఏ పరీక్షయినా ముందు తల్లిని రెండు ప్రశ్నలు అడగాలి. గత నాలుగు వారాల్లో యాంటీబయాటిక్ ఏదైనా వాడారా, గత రెండు వారాల్లో గ్యాస్ మాత్ర వేశారా. వాడితే బాక్టీరియా తాత్కాలికంగా తగ్గి లేనట్టు చూపిస్తుంది. ఆ పిల్లలను జాబితా నుంచి కొట్టేయకండి, తేదీ మార్చి మళ్లీ పిలవండి. తరచుగా జబ్బుపడే పిల్లలే యాంటీబయాటిక్ ఎక్కువ వాడతారు, వాళ్లను తీసేస్తే సర్వే ఆరోగ్యవంతుల వైపు ఒరిగిపోతుంది.

ఎంతమందిని పరీక్షించాలి? అందరినీ అక్కర్లేదు. వ్యాప్తి 30 శాతం దగ్గర ఉంటుందని అంచనా వేసి, జవాబు అటూ ఇటూ 5 శాతానికి మించి తేడా రాకూడదనుకుంటే, విడివిడిగా ఎంచుకున్న 323 మంది పిల్లలు చాలు. కానీ బడులకు వెళ్లి తరగతులకు తరగతులు తీసుకుంటాం కాబట్టి ఒకే వాడ పిల్లలు ఒకేలా ఉంటారు, దానికి లెక్క పెంచాలి. తరగతికి 30 మంది, వాళ్ల మధ్య పోలికను సున్నా నుంచి ఒకటి దాకా కొలిచే అంకె 0.05 అనుకుంటే 2.45 రెట్లు, అంటే 791. నూటికి పదిహేనుమంది నమూనా ఇవ్వరనుకుంటే సుమారు 930 మంది, 31 తరగతులు. ఆ తరగతులను చీటీలు తీసి ఎంచుకోవాలి. రోడ్డు పక్కన ఉందనో, హెడ్మాస్టరు ఒప్పుకున్నారనో ఎంచుకుంటే అంకె ఆ బడులకే చెందుతుంది తప్ప ప్రాంతానికి కాదు. ఆ రోజు రాని పిల్లల కోసం మరోసారి వెళ్లాలి. ప్రతి పిల్లవాడి వయసు, గదిలో పడుకునేవాళ్ల సంఖ్య, తాగే నీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా, తోబుట్టువులెందరు, ఇవి రాసుకోకపోతే చివరికి ఒట్టి శాతం మిగులుతుంది, ఏం చేయాలో అది చెప్పదు.

తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి, పిల్లవాడి ఇష్టం, నైతిక కమిటీ అనుమతి లేకుండా మొదలుపెట్టకండి. ఫలితం ఇంటికి ఎలా చెబుతారో సమ్మతి పత్రంలోనే ఉండాలి. అడిగినవాళ్లకు డాక్టరుతో మాట్లాడే వీలు కల్పించి విడిగా చెప్పండి. పాజిటివ్ పిల్లల పేర్లు చదవడం, వేరే బెంచీలో కూర్చోబెట్టడం, విడిగా తినమనడం క్రూరం, దానివల్ల ఏ ఉపయోగమూ లేదు.

జపాన్‌లో సాగా రాష్ట్రం 2016 నుంచి జూనియర్ హైస్కూల్ మూడో ఏడాది విద్యార్థులను పరీక్షిస్తోంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ అక్కడ జీర్ణాశయ క్యాన్సర్ చాలా ఎక్కువ, పరీక్షించేది పెద్దల బరువుకు దగ్గరపడ్డ పద్నాలుగు పదిహేనేళ్ల వాళ్లను, మూత్ర పరీక్షలో అనుమానం వస్తే మల పరీక్షతో ఖాయం చేసుకున్నాకే చికిత్స. అయినా జపాన్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో లక్షణాలు లేని పిల్లలకు ఈ పద్ధతిని సిఫారసు చేయలేదు. పెద్దల్లో పరీక్షించి చికిత్స చేసే కార్యక్రమాలకు మేము వ్యతిరేకం కాదు. ఇంట్లో పెద్దలకు నయమైతే తర్వాత పుట్టే బిడ్డకు అంటుకునే దారీ తగ్గుతుంది.

మరి ఏ పిల్లలను డాక్టరు దగ్గరికి పంపాలి? రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, రాత్రి నిద్రలోంచి లేపే పొట్టనొప్పి, ఆగని వాంతులు, బరువు తగ్గడం, మింగడంలో కష్టం ఉన్నవాళ్లను ఆలస్యం చేయకుండా పంపండి. ఐరన్ మందు సరిగా వాడినా రక్తహీనత తగ్గకపోతే, ఇతర కారణాలన్నీ చూశాక దీన్నీ వెతుకుతారు. ప్లేట్‌లెట్లు దీర్ఘకాలంగా తక్కువగా ఉండే ఒక జబ్బులోనూ వెతుకుతారు. బొడ్డు చుట్టూ అప్పుడప్పుడు వచ్చిపోయే నొప్పికి, పొట్టిగా ఉండటానికి ఈ పరీక్ష వద్దు. అవసరమైన పిల్లలకు ఎండోస్కోపీ చేసి, జీర్ణాశయం నుంచి కనీసం ఆరు చిన్న ముక్కలు తీసి, కొన్నిటిని సూక్ష్మదర్శినికి, కొన్నిటిని ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతుందో తెలుసుకోవడానికి పంపుతారు. చికిత్స ముగిసి కనీసం నాలుగు వారాలయ్యాక శ్వాస పరీక్షో మల పరీక్షో చేసి పోయిందో లేదో చూస్తారు. నొప్పి తగ్గిందని ఈ చివరి పరీక్ష మానేయకూడదు.

బడిలో సబ్బు, పారే నీళ్లు, తలుపు పడే మరుగుదొడ్డి కావాలి. ఇప్పటికే ఉన్న ఇన్ఫెక్షన్‌ను అవి తీసేయవు, విరేచనాలు, పచ్చకామెర్లు వంటి వాటిని తగ్గిస్తాయి. హెచ్. పైలోరి తగ్గాలంటే బడికి ముందు వయసులో, ఇళ్లలో, అంగన్‌వాడీ వయసు పిల్లలున్న చోట నీళ్లు, గదులు మెరుగుపడాలి. పరిస్థితులు మెరుగైన దేశాల్లో ఏ మందూ పంచకుండానే తరం తరానికి ఈ అంకె పడిపోయింది. కిట్లకు కేటాయించిన డబ్బును ముందు అక్కడ పెట్టమని అడుగుతున్నాం.

ఇప్పటికే మీ దగ్గర ఏదైనా శిబిరంలో రక్తపరీక్ష చీటీలు పంచి ఉంటే, దయచేసి ఈ వారంలోనే తల్లిదండ్రులకు ఒక కబురు పంపండి. ఆ చీటీ నిర్ధారణ కాదని, దాన్ని చూపి మందుల షాపులో యాంటీబయాటిక్ కొనవద్దని, పైన చెప్పిన లక్షణాలు ఉంటేనే పిల్లల డాక్టరును కలవాలని. ఇప్పటికే మందులు మొదలుపెట్టిన పిల్లలుంటే వాళ్లంతట వాళ్లు మధ్యలో ఆపేయకుండా, మిగిలిన మాత్రలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లమనండి. కొనసాగించాలా ఆపాలా అన్నది ఆ పిల్లవాడిని చూసి ఆయనే చెబుతారు.